గోతాలపేట టీచరమ్మగారు

కిందటి నెల రావులపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే, అరటిగెలల లారీ దగ్గర ఇద్దరు వాదించుకుంటున్నారు. తమ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందన్నది తగువు. పూర్వం ఒక రాజుగారు అటుగా వెళుతూ గుర్రం దిగి దాహం తీర్చుకున్నాడనీ, అందుకే ఆ పేరనీ ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే టీచరమ్మగారు గుర్తొచ్చారు. తర్వాత బస్సు వచ్చింది, ఎక్కాను, కూర్చున్నాను. దిగాల్సిన చోటు దాటిపోయిన సంగతి కండక్టరు చెబితేగాని తెలియలేదు.

"కోనసీమలో రాజుగారు గుర్రం దిగని ఊరు లేదు బాబూ," అనేవారు ఆవిడ. "ఇన్ని ఊళ్ళలో దిగినాయన మళ్ళీ ఎక్కిందెప్పుడో ఒక్కళ్ళూ చెప్పరు."

అలాంటి కథ ఎవరు చెప్పినా ఓపిగ్గా వినేవారు. పుస్తకంలో రాసుకునేవారు. రాశాక చివర చిన్న సున్నా చుట్టేవారు. సున్నా అంటే నమ్మలేదని గుర్తు. చెప్పినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తమ మాటకు ముద్ర వేశారనుకుని సంతోషపడేవాళ్ళు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. పేరు రాయను. మా పేటలో ఎవరూ ఆవిడను పేరుపెట్టి పిలవలేదు. మిషను బడిలో మా నాన్న తరానికీ, నా తరానికీ అక్షరాలు చెప్పారు. ఒంటరి మనిషి. నీలం అంచు తెల్లచీర, మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్లగొడుగు, భుజాన గుడ్డసంచి. సంచిలో బైబిలూ, నోటుపుస్తకమూ. ఆ పుస్తకం కొన్నది కాదు. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు తెల్లగా ఉంటే వాటిని కత్తిరించి, సూదీ దారంతో కుట్టుకున్నది. అందువల్ల ఒక పేజీలో ఏదో ఏటి లంక పేరు వెనక కథ ఉంటే, దాన్ని తిప్పితే ఎవడో పిల్లవాడు తప్పుచేసిన భాగహారం ఉండేది.

బస్సులో ఎప్పుడూ ఆడవాళ్ళ పక్కన కూర్చునేవారు. మీది ఏ ఊరమ్మా అని మొదలుపెట్టి, రెండో మాటకే ఆ పేరెందుకొచ్చిందంటారని అడిగేవారు. వినేటప్పుడు ఎడమ కన్ను మూసుకునేవారు. మొదటిసారి చూసినవాళ్ళకు భయమేసేది. ఓడలరేవు లాంటి పేర్ల మీద ఆవిడకు ఆసక్తి లేదు. ఓడలు ఆగిన రేవని పేరే చెబుతోంది కదా, ఇంకా అడగడానికేముంది అనేవారు. ఆవిడకు కావాల్సినవి చిన్న పేర్లు. ఏ కాగితంలోనూ ఎక్కనివి. చేలమధ్య బళ్ళు పోయే పుంతల పేర్లు, గరువులనే ఇసక దిబ్బల పేర్లు, పడవరేవుల పేర్లు. అమలాపురంలో ఒక సందును జనం గానుగల సందు అంటారని తెలిసి, అక్కడ గానుగ ఒక్కటీ లేదేమని మూడుసార్లు వెళ్ళి వెతికి, చివరికి గానుగ ఆడించినాయన కూతుర్ని పట్టుకున్నారు. ఆ కూతురికప్పటికి డెబ్బై ఏళ్ళు. ఎద్దు పేరుతో సహా చెప్పిందట.

కాలవ మీద ఒక రేవును ఏడుపుల రేవు అంటారు. అక్కడ దెయ్యం ఏడుస్తుందని మా చిన్నప్పుడు ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఆవిడ ఆరా తీస్తే, పూర్వం కూలికని సముద్రం అవతలి రంగం దేశం వెళ్ళేవాళ్ళు అక్కడే పడవెక్కేవాళ్ళని తేలింది. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే. ఒడ్డున మిగిలిన ఆడవాళ్ళ ఏడుపుకే ఆ పేరు. అది చెప్పిన రోజు ఆవిడ పుస్తకం మూసేసి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు: "ఊళ్ళ పేర్లన్నీ ఆసాములవీ, దేవుళ్ళవీను. మనవాళ్ళవి ఇలా దెయ్యాల కింద మిగిలిపోయేయి."

డెబ్బైల్లో భూపరిమితి చట్టం మాట నలుగుతున్న రోజుల్లో నోటుపుస్తకంతో ఎవరు కనిపించినా రైతులకు అనుమానమే. ఒకసారి ఆవిడను గరువు మీద ఆపి, సంచి లాక్కుని, పుస్తకంలో పొలాల లెక్కలున్నాయేమోనని ఒక కామందు పేజీలు తిప్పించాడు. పిల్లల భాగహారాలు చూసి ఇచ్చేశాడు. ఆవిడ ఆ గరువుకు ఆ పేరెందుకొచ్చిందో అతన్నే అడిగి, రాసుకుని మరీ వచ్చారు.

ఇక మా పేట సంగతి. మాది గౌతమి ఏటిగట్టు కింద ఊరు. రైతుల ఇళ్ళున్న భాగం పెద్దమెరక. ఎత్తుగా ఉంటుంది. దాని కింద, గట్టుకు ఆనుకుని మా ఇళ్ళు. మెరక మీంచి మా పేటలోకి దిగేటప్పుడు సైకిలు తొక్కక్కర్లేదు. తిరిగి ఎక్కేటప్పుడు దిగి నడిపించుకోవాలి. నాలుగు వానలు పడితే మా వీధిలో నీళ్ళు నిలిచేవి. మంచం కోళ్ళకింద ఇటుకలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. పేరు గోతాలపేట. పూర్వం మావాళ్ళు గుడ్డలేక గోతాలు చుట్టుకుని తిరిగేవాళ్ళని, అందుకా పేరని మెరక మీద చెప్పుకునేవాళ్ళు. మేం కూడా అదే నమ్మేం. నమ్మి సిగ్గుపడేం. అమలాపురంలో కాలేజీలో చేరితే మూడోరోజుకే నా పేరు గోతాలు అయింది. తర్వాత సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికితే, అక్కడా ఒక ప్యూను నా వెనకాల గోతాలు గారు అనేవాడు. గారు అన్నది నా ఉద్యోగానికి.

టీచరమ్మగారు మా పేట పేరు పక్కన కూడా సున్నాయే చుట్టి ఉంచారు. డెబ్బైల చివర్లో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను తోడు రమ్మన్నారు. నది అవతల లంకలో ఒక ముసలావిడ ఉంది, మన పేటలో పుట్టిందట, ఇవాళో రేపో అన్నట్టుంది, వెళదాం అన్నారు. పడవ దాటి వెళ్ళేం. ముసలావిడ నులకమంచంలో ముడుచుకుని ఉంది. చెవుడు. టీచరమ్మగారు ఆవిడ చెవి దగ్గర నోరుపెట్టి, పేట పేరెందుకొచ్చిందని అరిచినట్టే అడిగారు.

"గోతాలేటమ్మా," అంది ముసలావిడ. "గోతులు. గోతులపేట. దొరల కాలంలో గట్టేసినప్పుడు అక్కడే కదా మట్టి తవ్వింది. మెరక్కి పోసిన మట్టీ అదే. మా నాయనమ్మ తట్ట మోసిందంట. పనయిపోయేక, మీరు ఇక్కడే ఉండండర్రా అని ఆ గోతుల్లోనే పాకలెయ్యమన్నారంట."

టీచరమ్మగారు రాసుకోలేదు. కన్ను కూడా మూసుకోలేదు. 

మర్నాడు తాపీమేస్త్రి దగ్గర నీళ్ళుపోసిన పైపు అడిగి తెచ్చారు. గోడల మట్టం చూసే పైపు. నన్ను ఒక కొస పట్టుకోమని, మెరక అంచునుంచి మా వీధి మధ్యదాకా దశలు దశలుగా కొలిచారు. జనం చేరి వింత చూశారు. చివరికి లెక్క తేల్చి, గొడుగు చేత్తో పైకెత్తి, దాని కొన నా తలకు ఒక జానెడు పైన ఆపారు. మెరక మీద వాళ్ళ వాకిలి అక్కడ ఉంది. నేను నిలబడ్డ చోటు మా వాకిలి.

"మెరకా గొయ్యీ కవలపిల్లలు బాబూ. ఒకే కాన్పులో పుట్టేయి," అన్నారు.

అప్పట్నుంచి ఆవిడకు మిగతా ఊళ్ళ పేర్లన్నీ వెనకబడ్డాయి. ఒక్కటే పని. పేటకు మట్టి కావాలి. పూడ్చి మెరకతో సమానం చెయ్యాలి. అర్జీలో దయచూపమని రాయలేదు. మా కాళ్ళకింది మట్టే అటు పోసేరు, తిరిగి ఇప్పించండి అని రాశారు. ఒక అధికారి దగ్గరికి నేనూ వెంట వెళ్ళేను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. అంతా విని, పేరు జనం నోటిమాటేనమ్మా, ఆధారం కాదండీ అన్నాడు.

"మావాళ్ళకి పొలం కాగితం లేదండీ, ఇంటి కాగితం లేదండీ," అన్నారు ఆవిడ. "తాతలనాటి కాగితం అంటూ మాకున్నది ఆ పేరొక్కటేనండీ."

ఆయన అర్జీ తీసుకుని రసీదు ఇప్పించాడు. అలాంటి రసీదులు మూడు నాలుగేళ్ళలో చాలా పోగయ్యాయి.

ఈలోగా పేటలో మా వయసువాళ్ళం నలుగురం ఉద్యోగాల్లో చేరాం. అందరికీ ఆ పేరుతో బాధే. పెళ్ళిపిలుపుల్లో పేట పేరు లేకుండా మెరక పేరు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. పేరు మార్పించాలని అనుకున్నాం. శాంతినగర్ అని పెడదామన్నాం. తీర్మానం నేనే రాశాను. చర్చి ముందు చెట్టునీడన మీటింగు పెట్టాం. అందరూ సరేనన్నారు, ఆవిడ తప్ప.

గోతాలు కాదు, గోతులని ఆవిడ అందరికీ చెప్పారు. మట్టి సంగతి చెప్పారు. అర్జీలన్నీ ఆ పేరుమీదే ఉన్నాయి, మట్టి పడేదాకా ఆగండి, పడిన మర్నాడు నేనే పేరు మారుస్తానన్నారు. గోతులైతే మాత్రం గొప్పేముంది అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆవిడ నావైపు చూశారు. ముసలావిడ మాట నేనూ విన్నాను కదా, పైపు కొస నేనూ పట్టుకున్నాను కదా, ఒక్క మాట చెబుతానని చూశారు.

నేను లేచి అన్నాను: "మీరు ఈ పేరుతో పుస్తకం నింపుకుంటున్నారు టీచరమ్మగారండీ. మేం దీంతో బతకాలి."

మా నాన్న తలవంచుకున్నాడు. ఆవిడ గొడుగు ఆసరాతో లేచి, తీర్మానం కాగితం తెమ్మని, అందరికంటే ముందు తానే సంతకం చేశారు. చేసి, "పేరు తీసేస్తే గొయ్యి పూడదు బాబూ" అని మాత్రం అన్నారు. చాలా నెమ్మదిగా. పక్కన ఉన్నాను కాబట్టి వినిపించింది.

శాంతినగర్ బోర్డు పడింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. చర్చిలో మిఠాయి పంచేం. ఆఫీసులో మా ప్యూను కొత్త పేరు విని, బాగుందండీ అన్నాడు. ఆ తర్వాత వెనకాల ఏమీ అనడం మానేశాడు. ఆ మర్యాద ఎంత హాయిగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఏడాది తిరిగాక, పై ఆఫీసులో కొత్తగా వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు పాత అర్జీలు చదివాడట. టీచరమ్మగారి అర్జీ మీద, ఈ పల్లపు ఆవాసానికి మట్టి తోలించవచ్చు, వివరాలు ధ్రువీకరించండి అని రాసి కిందికి పంపాడు. ఆ కాగితం తిరిగి తిరిగి నా బల్లమీదికే వచ్చింది. గోతాలపేట అన్న ఆవాసం మీ జాబితాలో ఉందా అన్నది ప్రశ్న.

జాబితాలో లేదు. శాంతినగర్ ఉంది. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది: గోతాలపేటనే ఇప్పుడు శాంతినగర్ అంటున్నారు అని. కలం తీశాను. ఎదురుగా ఆ ప్యూను నిలబడి ఉన్నాడు, కాగితం పట్టుకెళ్ళడానికి. పక్క బల్లమీద హెడ్ గుమాస్తా ఏమిటది అని అడిగాడు. ఏం లేదండీ అన్నాను. సదరు పేరుగల ఆవాసం ఈ ఆఫీసు జాబితాలో లేదు, కావున అర్జీ తిరిగి పంపడమైనది అని రాసి, సంతకానికి పెట్టాను. ఆవిడ మళ్ళీ కొత్త పేరుతో పంపుతారులే అనుకున్నాను. పంపారు కూడా, రెండు పేర్లూ వేసి. అప్పటికి ఆ ఏటి మట్టి పని ఇంకో ఊరికి కేటాయించేశారు. వచ్చే ఏడు చూద్దామన్నారు.

వచ్చే ఏడు శ్రావణంలో వరద వచ్చింది. తెల్లవారి చాలాసేపయ్యాక, పొయ్యిలు వెలిగించే వేళకు, పై ఊరి దగ్గర గట్టుకు గండి పడిందని కేక వినిపించింది. మేం మెరక వైపు పరిగెత్తేసరికి నీళ్ళు వీధిలోకి దిగాయి. దిగాయి అనే అనాలి. పైనుంచి గిన్నెలోకి పోసినట్టు. మా నాన్నకు అప్పటికి పక్షవాతం. నేనూ, పక్కింటాయనా మంచంతో సహా ఎత్తుకున్నాం. ఎక్కే దారిలో నీళ్ళు ఛాతీదాకా వచ్చి మంచం ఒరిగింది. నాన్న ఒకసారి మునిగి లేచాడు. మెరక మీద బడి అరుగున పడుకోబెట్టేం. అక్కడ నేల పొడిగా ఉంది. మెరక వాళ్ళు దుప్పట్లు తెచ్చారు, గంజి కాచి పోశారు. చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళ వాకిళ్ళలో ముగ్గు కూడా చెరగలేదు. మూడోరోజు మధ్యాహ్నం నాన్న పోయాడు. మా వీధిలో ఇంకో ఇంట్లో తల్లీ పసిబిడ్డా గోడ కూలి చనిపోయారు.

టీచరమ్మగారు సంచితో బయటపడ్డారు. పుస్తకాలు, ఇరవై ముప్పై ఉంటాయి, అటక మీద గోనెపట్టాలో కట్టి ఉంచారు. మట్టిగోడలు నాని ఇల్లు కూలితే అవన్నీ వారంపాటు బురదలో ఉన్నాయి. నీళ్ళు తీశాక ఆవిడ వాటిని ఏరి తెచ్చి బడి అరుగుమీద ఆరబెట్టారు. పెన్సిలు రాత నీళ్ళకు చెరగదని ఆవిడ ఎప్పుడూ సిరాకలం వాడేవారు కాదు. చెరగలేదు. కాగితమే మిగల్లేదు. చేత్తో తీస్తే ముద్దలా వచ్చేది. రెండు రోజులు చూసి, మూడోరోజు చీపురు తెచ్చి ఆవిడే ఊడ్చేశారు.

నష్టం జాబితా రాయడానికి వచ్చినవాళ్ళు ఆవిడను ఊరి పేరడిగితే, మీరేది రాసుకుంటే అదేనండీ అన్నారట. ఆ తర్వాత ఎవర్నీ ఏ ఊరి పేరూ అడగలేదు. ఒకసారి అమలాపురం బస్సులో ఆవిడ వెనక సీట్లోనే కూర్చున్నాను. పక్కనున్న ఆడమనిషి తనంతట తానే, మా లంకకి ఆ పేరెందుకొచ్చిందో తెలుసాండీ అని మొదలుపెట్టింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

ఆవిడ కాళ్ళూ చేతులూ పనిచెయ్యక, రాజోలు వైపు మేనకోడలి ఇంటికి చేరారు. నేను రెండేళ్ళు వెళ్ళలేదు. వెళ్ళడానికి మొహం లేదు. పోయిన ఏడాది తొలకరి దాటాక, కబురొచ్చింది, ఎక్కువ రోజులు లేవన్నట్టు. వెళ్ళాను. వసారాలో మంచం మీద ఉన్నారు. మనిషి చేతికర్రంత అయిపోయారు. నన్ను గుర్తుపట్టారు. కూర్చోమన్నారు. ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడిగారు. అన్నీ అయ్యాక, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఒక్క ఊపున చెప్పేశాను. ఆ అర్జీ నా బల్లమీదికే వచ్చిందనీ, తిప్పి పంపింది నేనేననీ.

ఆవిడ తలగడ పక్కనున్న బైబిలు చూపించారు. తీసి ఇచ్చాను. అందులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. వరదలో సంచితోపాటు బయటపడింది. విప్పకుండానే నా చేతిలో పెట్టారు.

"నీ దస్తూరీ నాకు తెలీదా బాబూ? పలక మీద దిద్దించిందాన్ని."

"వచ్చిన రోజే తెలుసాండీ?"

"తెలుసు."

"మరి నన్ను ఒక్క మాటైనా అడగలేదేంటండీ?"

 ఆవిడ ఆగి ఆగి చెప్పారు.

"అడుగుదామనే అనుకున్నాను. మర్నాడు మీ ఇంటికి వచ్చేను కూడాను. నువ్వు లేవు. మీ నాన్న అరుగుమీద కూచుని ఉన్నాడు. కూర్చో టీచరమ్మా అన్నాడు. మావాడికి ఆఫీసులో ఇప్పుడందరూ మర్యాద ఇస్తన్నారంట, ఎవడూ ఏమీ అనట్లేదంట, నీ చలవే తల్లీ, ముందు సంతకం నువ్వే చేసేవు అన్నాడు. వాడి మొహం వెలిగిపోతంది. ఇంకేం అడగను?"

కాగితం విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను. ఆవిడ బైబిల్లో పెట్టుకున్నారు. మేనకోడలు కాఫీ తెచ్చింది. తాగాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నిద్రపట్టిందనుకుని లేచి, చప్పుడు కాకుండా చెప్పులేసుకుంటుంటే పిలిచారు.

"పేటలో నీళ్ళు తీసేయా బాబూ?"

"లేదండీ," అన్నాను. "ఈ ఏటి వానకీ మోకాలు లోతున్నాయండీ."